తెనేర్ నుంచి తువ్యేర దాకా: స్పానిష్ ఇంపర్ఫెక్ట్ సబ్‌జంక్టివ్ మెట్టు మెట్టుగా

స్పానిష్ నేర్చుకునే తెలుగువాళ్ళు వర్తమానం, భూతం, భవిష్యత్తు హాయిగానే దాటేస్తారు. సబ్‌జంక్టివ్ దగ్గరికి వచ్చేసరికి నడక నెమ్మదిస్తుంది. జరిగిన సంగతిని వార్తగా చెప్పకుండా ఆజ్ఞ, కోరిక, సందేహం, ఊహ లాంటివి చెప్పే క్రియారూపం అది. అందులో భూతకాలానికి చెందినదే ఇంపర్ఫెక్ట్. ఇంపర్ఫెక్ట్ సబ్‌జంక్టివ్ అనగానే, అందులోనూ ఇర్రెగ్యులర్ క్రియ (మామూలు పద్ధతికి లొంగని క్రియ) అనగానే టెన్షన్ మొదలవుతుంది. పుస్తకాలు ముందే పెద్ద పట్టిక చూపించి బట్టీ పట్టమనడమే దీనికి కారణమని నా నమ్మకం. నిజానికి రూపం తయారుచేసుకోవడం చాలా తేలిక, దానికి ఒకే ఒక్క సూత్రం ఉంది. కష్టమంతా ఆ రూపాన్ని ఎక్కడ వాడాలో పట్టుకోవడంలో ఉంది. అక్కడ మాత్రం తెలుగు వచ్చినవాళ్ళకు ఒక మంచి దారి ఉంది. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఉదాహరణకు తెనేర్ అనే ఒక్క క్రియనే తీసుకుందాం. "కలిగి ఉండటం" దాని అర్థం. డబ్బు, టైం, జ్వరం, జాగ్రత్త, వయసు, ఆకలి అన్నీ స్పానిష్‌లో ఈ క్రియతోనే చెబుతారు కాబట్టి రోజూ నోట్లో నానుతుంది.

స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఒత్తి పలకాల్సిన చోట దీర్ఘం పెట్టాను, మిగతా అచ్చులన్నీ హ్రస్వం. త, ద అని రాసినవి మన త, ద లాగే పలకాలి. ఇంగ్లీషు అలవాటుతో ట, డ చేయొద్దు. వ, బ అని వేరువేరుగా రాసినా స్పానిష్‌లో రెండూ ఒకే ధ్వని. హ అని కనిపిస్తే కొంచెం గొంతులోంచి గట్టిగా పలకండి.

## మొదటి మెట్టు: "వాళ్ళు" రూపం పట్టుకోండి

ప్రెటరిట్ అంటే ఒకసారి జరిగి ముగిసిపోయిన పనిని చెప్పే భూతకాలం. అందులో "వాళ్ళు" రూపం ఏమిటో ముందు గుర్తుచేసుకోండి. తెనేర్‌కు అది తువ్యేరొన్. చివరి "రొన్" తీసేస్తే "తువ్యే" మిగులుతుంది. దానికి ర, రస్, ర, రమొస్, రయిస్, రన్ తగిలిస్తే పని పూర్తయినట్టే.

| ఎవరు | ర రూపం | సె రూపం |
|---|---|---|
| యో (నేను) | తువ్యేర | తువ్యేసె |
| తూ (నువ్వు) | తువ్యేరస్ | తువ్యేసెస్ |
| ఎల్, ఏయ, ఉస్తేద్ (అతను, ఆమె, మీరు) | తువ్యేర | తువ్యేసె |
| నొసోత్రొస్ (మేము, మనం) | తువ్యేరమొస్ | తువ్యేసెమొస్ |
| వొసోత్రొస్ (మీరంతా, స్పెయిన్‌లో) | తువ్యేరయిస్ | తువ్యేసెయిస్ |
| ఏయొస్, ఉస్తేదెస్ (వాళ్ళు, మీరంతా) | తువ్యేరన్ | తువ్యేసెన్ |

ఈ సూత్రానికి మినహాయింపు లేదు. స్పానిష్ వ్యాకరణంలో ఇంత గట్టిగా చెప్పగలిగే మాటలు చాలా తక్కువ. ఒక క్రియ ప్రెటరిట్‌లో ఎంత వంకర తిరిగినా ఆ వంకర అలాగే ఇక్కడికి వచ్చేస్తుంది, కొత్త వంకరేమీ చేరదు. అందుకే ఇంపర్ఫెక్ట్ సబ్‌జంక్టివ్‌లో తప్పులు చేసేవాళ్ళకు నా సలహా ఒకటే. సబ్‌జంక్టివ్ పట్టికను పక్కన పెట్టి ప్రెటరిట్‌కు తిరిగి వెళ్ళండి. చాలాసార్లు అసలు లోపం అక్కడే దొరుకుతుంది.

పట్టికలో రెండు విషయాలు గమనించండి. నేను, అతను ఇద్దరికీ ఒకే రూపం. సందర్భంలో ఎవరో తెలియకపోతే యో, ఎల్ అని పైకి చెప్పాల్సిందే. రెండోది, స్పానిష్ లిపిలో రాసేటప్పుడు "మేము" రూపానికి మాత్రమే, ఒత్తి పలకాలని చూపే గీత గుర్తు పడుతుంది, తువ్యేరమొస్‌లో "యే" మీద. మిగతా ఐదింటికీ అవసరం లేదు.

సె రూపం గురించి ఇక్కడే చెప్పేస్తాను. రెండూ సరైనవే, అర్థంలో తేడా లేదు. లాటిన్ అమెరికాలో మాట్లాడేటప్పుడు దాదాపుగా ర రూపమే వినిపిస్తుంది. సె రూపం అక్కడి మాటల్లో కన్నా స్పెయిన్‌లోనూ, రాతలోనూ ఎక్కువ. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉండి మెక్సికో వాళ్ళతో మాట్లాడే తెలుగువాళ్ళకు ర ఒక్కటి చాలు. స్పానిష్ సాహిత్యం చదవాలనుకునేవాళ్ళు సె చూసి గుర్తుపట్టగలిగితే సరిపోతుంది. రెండు రూపాలు ఎందుకున్నాయంటే, లాటిన్‌లో అవి రెండు వేరువేరు క్రియారూపాలు. ర రూపం అప్పట్లో "అంతకుముందే జరిగిపోయింది" అని మామూలుగా చెప్పే రూపం. ఆ పాత వాడుక ఇప్పటికీ పత్రికల్లో మిగిలే ఉంది. "ఎల్ కె ఫ్వేర ప్రెసిదేంతె" అంటే "ఒకప్పుడు అధ్యక్షుడిగా ఉన్న ఆయన" అని. అక్కడ ఊహా లేదు, సందేహమూ లేదు. వార్తలు చదివేటప్పుడు ఇది ఎదురైతే తికమకపడకండి.

## రెండో మెట్టు: అదే సూత్రంతో మిగతా క్రియలు

తెనేర్ వచ్చిందంటే దాని కుటుంబమంతా వచ్చినట్టే. మంతెనేర్ మంతువ్యేర అవుతుంది, ఒబ్తెనేర్ ఒబ్తువ్యేర, దెతెనేర్ దెతువ్యేర. "ఉవ్యే" అనే ఇదే ధ్వని ఎస్తార్, అందార్ క్రియల్లోనూ ఉంటుంది: ఎస్తువ్యేర, అందువ్యేర. అబేర్ నుంచి వచ్చే ఉబ్యేర కూడా చెవికి అలాగే ఉంటుంది. పాత స్పానిష్‌లో అబేర్ భూతకాల రూపాన్ని చూసి మిగతావి అదే బాట పట్టాయి. కాబట్టి ఈ నాలుగింటినీ ఒక గుంపుగా నోటికి తెచ్చుకోండి.

మిగతా ముఖ్యమైనవి: అసేర్ (చేయడం) ఇస్యేర, పొదేర్ (చేయగలగడం) పుద్యేర, పొనేర్ (పెట్టడం) పుస్యేర, కెరేర్ (కోరడం) కిస్యేర, సబేర్ (తెలియడం) సుప్యేర, వెనీర్ (రావడం) విన్యేర, దార్ (ఇవ్వడం) ద్యేర, వేర్ (చూడడం) వ్యేర. సేర్ (అవడం), ఈర్ (వెళ్ళడం) రెండింటికీ ఫ్వేర అన్నదే రూపం. ఏది ఏదో వాక్యమే చెబుతుంది.

ఇక్కడ జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. పుద్యేర, పుస్యేర మధ్య తేడా ఒక్క అక్షరమే. "పెట్టమన్నాడు" అనబోయి "చేయగలగమన్నాడు" అనేస్తారు. విన్యేర, వ్యేర కూడా అంతే, తొందరలో మధ్యలోని "న్" ఎగిరిపోతే "రమ్మంది" కాస్తా "చూడమంది" అవుతుంది. దెసీర్ (చెప్పడం), త్రయేర్ (తేవడం), కొందుసీర్ (బండి నడపడం) మరో గుంపు. వాటి ప్రెటరిట్‌లో హ ధ్వని వస్తుంది, దాని తర్వాత "య" ఉండదు: దిహేరొన్, త్రహేరొన్, కొందుహేరొన్. కాబట్టి దిహేర, త్రహేర, కొందుహేర. "దిహ్యేర" అనకండి.

ఇర్రెగ్యులర్ క్రియలతో ఒక సుఖం కూడా ఉంది. అబ్లార్ (మాట్లాడడం) లాంటి మామూలు క్రియలో "అబ్లార" అంటే ఇంపర్ఫెక్ట్ సబ్‌జంక్టివ్, "అబ్లరా" అంటే భవిష్యత్తు. ఒత్తు ఒక్కటే మారింది, అర్థం పూర్తిగా మారిపోయింది. తెనేర్‌కు ఆ బెడద లేదు. దాని భవిష్యత్తు తెంద్రా, తువ్యేరతో కలిసిపోయే అవకాశమే లేదు.

## మూడో మెట్టు: "అని"కీ "మని"కీ తేడా చూడండి

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. ఈ రెండు వాక్యాలు చూడండి.

"మె దీహొ కె తెనీయ ఫ్యేబ్రె": తనకు జ్వరంగా ఉందని చెప్పాడు.
"మె దీహొ కె తువ్యేర కుయిదాదొ": జాగ్రత్తగా ఉండమని చెప్పాడు.

రెండింటిలోనూ "మె దీహొ కె" అన్నదే మొదలు. మొదటిది వార్త, రెండోది ఆజ్ఞ. స్పానిష్ ఆ తేడాను క్రియారూపంలో చూపిస్తుంది. తెలుగులోనూ అంతే: ఉంద"ని" చెప్పాడు, ఉండ"మని" చెప్పాడు. ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్చుకుంటే ఈ పోలిక కనబడదు, ఎందుకంటే ఇంగ్లీషు ఆజ్ఞను చెప్పడానికి వేరే కట్టడం వాడుతుంది. తెలుగు నుంచి నేరుగా వస్తే దారి సూటిగా ఉంది. మీ తెలుగు వాక్యంలో "మని" వచ్చిందా? రమ్మని, చెయ్యమని, తెమ్మని, ఉండమని? "చెప్పాడు" అనే మొదటి క్రియ భూతకాలంలో ఉందా? అయితే స్పానిష్‌లో ఇంపర్ఫెక్ట్ సబ్‌జంక్టివ్ వాడండి.

ఇంట్లో రోజూ వినిపించే మాటలతోనే దీన్ని సాధన చేయొచ్చు. అమ్మ పెరుగు తెమ్మంది: "మి మాద్రె మె దీహొ కె త్రహేర యొగూర్." టీచర్ వాళ్ళను నిశ్శబ్దంగా ఉండమన్నారు: "ల ప్రొఫెసోర లెస్ పిద్యో కె ఎస్తువ్యేరన్ కయాదొస్." "తెమ్మంది", "ఉండమన్నారు" అనే ఒక్కొక్క మాట స్పానిష్‌లో "కె" తో కలిసి రెండు క్రియలుగా విడిపోతుంది. ఆ విడదీయడం అలవాటైతే సగం దూరం వచ్చేసినట్టే.

కోరికలూ ఇదే దారిలో నడుస్తాయి. తెలుగులో "ఉండాలని", "రావాలని" అంటామే, అక్కడ. "కెరీయ కె తువ్యేరస్ కుయిదాదొ" అంటే "నువ్వు జాగ్రత్తగా ఉండాలని అనుకున్నాను". ఒక్క షరతు మరిచిపోవద్దు, కోరేవాళ్ళు ఒకరు, చేసేవాళ్ళు ఇంకొకరు అయి ఉండాలి. నేనే రావాలని నేనే అనుకుంటే "కెరీయ వెనీర్" అని మామూలు క్రియామూలం చాలు.

ఇంకొక మెలిక ఉంది. మొదటి క్రియ భూతకాలంలో లేకపోయినా, "చేస్తే బాగుండు" అనే కండిషనల్‌లో ఉంటే కూడా ఇదే రూపం కావాలి. "మె గుస్తరీయ కె తువ్యేరస్ మాస్ పస్యేన్స్య" అంటే "నీకు ఇంకాస్త ఓపిక ఉంటే బాగుంటుంది". మాట్లాడేది ఇప్పటి సంగతి, అయినా తువ్యేరస్. రెండో క్రియను ఏ రూపంలో పెట్టాలో అందులోని పని ఎప్పుడు జరుగుతుందన్నది చూసి తేల్చకండి. ముందు మొదటి క్రియ వైపు చూడండి.

మరి మొదటి క్రియ వర్తమానంలో ఉంటే ఎప్పుడూ ప్రెజెంట్ సబ్‌జంక్టివేనా? చాలావరకు అంతే. కానీ పాత సంగతి గురించి ఇప్పుడు సందేహపడుతుంటే, "నొ క్రేయొ కె తువ్యేర దినేరొ" అంటారు. అతని దగ్గర అప్పట్లో డబ్బు ఉండేదని నేను ఇప్పుడు అనుకోవడం లేదు అని. పెరూ, బొలీవియా లాంటి అండీస్ దేశాల్లో దీనికి తలకిందులుగా, మొదటి క్రియ భూతకాలంలో ఉన్నా రెండోదానికి ప్రెజెంట్ సబ్‌జంక్టివ్ పెట్టి మాట్లాడేవాళ్ళు ఉన్నారు. వింటే అర్థం చేసుకోండి. పరీక్షలో మాత్రం రాయకండి.

## నాలుగో మెట్టు: "ఉంటే కొనేవాణ్ణి"

షరతు వాక్యాల్లో మూడు అంతస్తులు ఉంటాయి. తెలుగులోనూ మూడే.

"డబ్బుంటే ఇల్లు కొంటాను." ఉండొచ్చు, లేకపోవచ్చు, దారి తెరిచే ఉంది. "సి తేంగొ దినేరొ, కొంప్రరే ఊన కాస."

"డబ్బుంటే ఇల్లు కొనేవాణ్ణి." లేదని తెలుసు. "సి తువ్యేర దినేరొ, కొంప్రరీయ ఊన కాస."

"అప్పుడు డబ్బు ఉండి ఉంటే ఇల్లు కొని ఉండేవాణ్ణి." కాలం దాటిపోయింది. "సి ఉబ్యేర తెనీదొ దినేరొ, అబ్రీయ కొంప్రాదొ ఊన కాస."

మొదటి రెండు తెలుగు వాక్యాల్లో "ఉంటే" మారలేదు చూశారా? లేదని తెలిసిన సంగతిని చివరి మాట "కొనేవాణ్ణి" ఒక్కటే మోస్తోంది. స్పానిష్‌లో అలా కుదరదు, రెండు వైపులా గుర్తు పడాలి: సి ఉన్న వైపు తువ్యేర, ఇటు వైపు "రీయ"తో ముగిసే కండిషనల్. తెలుగువాళ్ళు "సి తేంగొ దినేరొ, కొంప్రరీయ" అని కలగాపులగం చేయడం దీనివల్లే అని నా అంచనా. కాబట్టి తెలుగులో మీ వాక్యం "ఏవాణ్ణి, ఏదాన్ని, ఏవాళ్ళం" అని ముగుస్తుంటే, వెనక్కి వెళ్ళి "ఉంటే"ను తువ్యేర చేయండి.

"సి తేంగ" అని ప్రెజెంట్ సబ్‌జంక్టివ్ మాత్రం ఇలాంటి షరతులో ఎప్పుడూ రాదు. ఇక "సి తెంద్రీయ" అని రెండు వైపులా కండిషనల్ పెట్టడం స్పెయిన్ ఉత్తర భాగంలో, బాస్క్ ప్రాంతంలోనూ బుర్గోస్ వైపునా వినిపిస్తుంది. అక్కడివాళ్ళ మాటతీరు అది. నేర్చుకునేవాళ్ళు అనుకరించాల్సింది కాదు.

మూడో అంతస్తులో ఉబ్యేర ఎక్కడి నుంచి వచ్చింది? అబేర్ క్రియకు మొదటి మెట్టు సూత్రమే వేశాం, అంతే. అక్కడ "అబ్రీయ కొంప్రాదొ" బదులు "ఉబ్యేర కొంప్రాదొ" అన్నా సరే. మాట్లాడేటప్పుడు చాలామంది అలాగే అంటారు.

"ఉన్నా" కూడా ఇక్కడే చేరుతుంది. "ఔంకె తువ్యేర దినేరొ, నొ లొ కొంప్రరీయ": డబ్బున్నా అది కొనేవాణ్ణి కాదు.

## ఐదో మెట్టు: నట్టు, బాగుండు

"అంతా తనకే తెలిసినట్టు మాట్లాడతాడు": "ఆబ్ల కొమొ సి లొ సుప్యేర తోదొ." కొమొ సి తర్వాత ఆలోచించే పనే లేదు, వర్తమానంలో మాట్లాడుతున్నా ఇంపర్ఫెక్ట్ సబ్‌జంక్టివే. తెలుగులో నిజంగా తెలిసినప్పుడు కూడా "తెలిసినట్టుంది" అంటాం. అది వేరే, అక్కడ కొమొ సి పనికిరాదు. తెలియకపోయినా తెలిసినట్టు నటించే "నట్టు" మాత్రమే ఇక్కడ సరిపోతుంది.

"నాకు ఇంకొంచెం టైం ఉంటే బాగుండు": "ఒహలా తువ్యేర మాస్ త్యేంపొ." ఒహలా అన్నది స్పెయిన్‌లో అరబ్బీ మాట్లాడిన కాలం నుంచి మిగిలిన మాట, "దేవుడు తలిస్తే" అన్న అర్థంలోంచి వచ్చింది. దాని తర్వాత ప్రెజెంట్ సబ్‌జంక్టివ్ పెడితే జరగొచ్చన్న ఆశ, తువ్యేర పెడితే జరగదని తెలిసిన కోరిక.

## ఆరో మెట్టు: తెలుగు సాయం చేయని చోట్లు

ఇప్పటిదాకా తెలుగు దారి చూపింది. కింది చోట్ల మాత్రం చూపదు. అందుకని వీటిని విడిగా నేర్చుకోవాలి.

మొదటిది, లేని మనిషి లేదా దొరకని వస్తువు గురించి చెప్పడం. "తాళంచెవి ఉన్న మనిషి అక్కడ ఉన్నాడు": "అబీయ ఊన్ ఓంబ్రె కె తెనీయ ల యావె." "తాళంచెవి ఉన్నవాళ్ళెవరూ లేరు": "నొ అబీయ నాద్యె కె తువ్యేర ల యావె." తెలుగులో రెండు చోట్లా "ఉన్న" అనే అంటాం. స్పానిష్‌కు ఆ మనిషి నిజంగా ఉన్నాడా లేదా అన్నది ముఖ్యం. పెరడున్న ఇంటి కోసం వెతుకుతున్నా, ఇంకా దొరకనప్పుడు కూడా తువ్యేరే: "బుస్కాబ ఊన కాస కె తువ్యేర పాత్యొ."

రెండోది "అప్పుడు". "టైం దొరికినప్పుడు ఫోన్ చేస్తానన్నాడు": "దీహొ కె మె యమరీయ క్వాందొ తువ్యేర త్యేంపొ." ఆ మాట అన్నప్పటికి టైం ఇంకా దొరకలేదు, అందుకే సబ్‌జంక్టివ్. "టైం దొరికినప్పుడల్లా ఫోన్ చేసేవాడు" అయితే నిజంగా జరిగిన అలవాటు కాబట్టి "క్వాందొ తెనీయ త్యేంపొ, మె యమాబ." క్వాందొ పక్కన ఏ రూపం పెట్టాలో తేలాలంటే, ఆ క్షణానికి అది జరిగిందా, ఇంకా జరగాల్సి ఉందా అని అడగండి.

పార కె (కోసం), ఆంతెస్ దె కె (ముందే), సిన్ కె (కుండా) తర్వాత, కథ భూతకాలంలో ఉంటే, ఇంపర్ఫెక్ట్ సబ్‌జంక్టివ్ తప్పనిసరి. వీటికి వివరణ అక్కర్లేదు, అలవాటు చేసుకుంటే చాలు.

మర్యాద విషయం కూడా తెలుగుతో సరిపోల్చలేం. కొట్లో "కాఫీ కావాలండీ" అనడానికి "కిస్యేర ఊన్ కఫే" అంటారు. ఇలా మర్యాద కోసం వాడేవి ముఖ్యంగా మూడే: కిస్యేర, పుద్యేర, దెబ్యేర. ఇక్కడ ర రూపమే వాడాలి, "కిస్యేసె ఊన్ కఫే" అనరు. దరఖాస్తుల్లో "కిస్యేర కె తువ్యేర ఎన్ క్వేంత మి సొలిసితూద్" అని రాస్తే "నా దరఖాస్తును పరిశీలించాలని కోరుతున్నాను" అన్నట్టు. ఇందులో కిస్యేర మర్యాద కోసం, తువ్యేర దాని వెనకే వచ్చింది.

## సాధన

రోజూ ఒక క్రియ తీసుకుని ముందు ప్రెటరిట్ "వాళ్ళు" రూపం పైకి చెప్పి, వెంటనే ర రూపం చెప్పండి: తువ్యేరొన్, తువ్యేర. ఇస్యేరొన్, ఇస్యేర. దిహేరొన్, దిహేర. చూసి చదవడం కన్నా నోటితో అనడం ముఖ్యం, ఎందుకంటే సంభాషణలో పట్టిక గుర్తుచేసుకునే టైం ఉండదు. తర్వాత ఆ రోజు ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరైనా మీకు చెప్పిన పని ఒకటి "మె దీహొ కె" తో మొదలుపెట్టి చెప్పండి. మీ మాటల్లోంచి వచ్చిన వాక్యమే గుర్తుంటుంది. డెలే అనే స్పానిష్ భాషా పరీక్షలో బి2 స్థాయికి చదివేవాళ్ళు వ్యాసం రాసేటప్పుడు ర, సె రూపాల్లో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానిమీదే ఉంటే తడబాటు తగ్గుతుంది.

కింది నాలుగు వాక్యాలను జవాబులు చూడకుండా స్పానిష్‌లో చెప్పి చూడండి.

1. అక్క నన్ను త్వరగా రమ్మంది.
2. నాకు కారుంటే అందులోనే ఆఫీసుకు వెళ్ళేదాన్ని.
3. ఏమీ తెలియనట్టు నవ్వింది.
4. వాళ్ళు రాలేదని చెప్పింది.

జవాబులు:

1. "మి ఎర్మాన మె దీహొ కె విన్యేర ప్రోంతొ."
2. "సి తువ్యేర కార్రొ, ఇరీయ ఎన్ ఎల్ అ ల ఒఫిసీన." స్పెయిన్‌లో అయితే కార్రొ బదులు కోచె.
3. "సొన్రియో కొమొ సి నొ సుప్యేర నాద."
4. "దీహొ కె నొ అబీయన్ వెనీదొ." ఇక్కడ సబ్‌జంక్టివ్ లేదు. "రాలేదని" అన్నది వార్త, అందులో "మని" లేదు. ముందు మూడు వాక్యాల ఊపులో దీనికి కూడా "ఉబ్యేరన్ వెనీదొ" అనేసి ఉంటే, మూడో మెట్టులోని జ్వరం వాక్యం, జాగ్రత్త వాక్యం మళ్ళీ ఒకసారి పక్కపక్కన పెట్టుకుని పైకి చదవండి.